ఎవరికైనా పని చూపిస్తున్నారా? ముందు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడగండి

కావలి బస్టాండు దగ్గర చాలా ఏళ్లు నెట్ సెంటర్ నడిపాను. అప్లికేషన్లు పెట్టడం, రెజ్యూమేలు కొట్టడం, హాల్ టికెట్లు తీసివ్వడం నా పని. మొదట్లో ఎవరికైనా ఉద్యోగం వచ్చిందంటే నా బాధ్యత తీరిపోయిందనుకునేదాన్ని. కానీ స్వీటు బాక్సు తెచ్చిచ్చి వెళ్లిన వాళ్లే నెలా నెలన్నరకి మళ్లీ వచ్చి "అక్కా, ఇంకేమన్నా పని ఉంటే చూడక్కా" అంటుంటే కంపెనీ మంచిది కాదేమో, లేకపోతే వీళ్లకి ఓపిక లేదేమో అనుకుంటూ చాలా కాలం గడిపేశాను. తర్వాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను. ఏ రోజు మానేశావు, ఆ రోజు పొద్దున ఏం జరిగింది అని. పని చేతకాక మానేసిన వాళ్లు నాకు దాదాపు కనబడలేదు. బస్సు తప్పింది, బిడ్డకి జ్వరం వచ్చింది, జీతం పడేలోపు ఇంట్లో బియ్యం అయిపోయాయి, ఒక రోజు చెప్పకుండా నాగా పెట్టి రెండో రోజు మొహం చెల్లక వెళ్లలేదు. అన్నీ ఇలాంటివే.

మీరు డ్వాక్రా గ్రూపు లీడర్ కావచ్చు, సచివాలయంలో పనిచేస్తుండవచ్చు, కాలేజీలో పాఠాలు చెప్తుండవచ్చు, లేదా మీ పిన్నమ్మ కొడుక్కి ఎక్కడో ఒక చోట పని ఇప్పించాలని తిరుగుతుండవచ్చు. ఎవరైనా సరే, ఉద్యోగం వెతకడం కంటే ముందు, ఆ మనిషిని తిరిగి ఇంటికి లాక్కొచ్చేది ఏమిటో వెతకండి. నేను నేర్చుకున్నదంతా దాని గురించే.

రెజ్యూమే కంటే ముందు ఒక తెల్ల కాగితం

ఒక తెల్ల కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. పొద్దున నాలుగు నుంచి రాత్రి పది వరకు గంటలన్నీ ఎడమ పక్కన వరసగా రాయండి. ఏ గంటకి ఏం చేస్తారో వాళ్లనే చెప్పనివ్వండి, మీరు రాయండి. "ఏం పని చేయగలవు?" అని అడిగితే "ఏదైనా చేస్తానక్కా" అంటారు, ఆ జవాబుతో ఏమీ చేయలేం. "ఐదింటికి ఏం చేస్తుంటావు?" అంటే నిజం బయటికొస్తుంది.

కలిగిరి వైపు ఒక ఊరి నుంచి వచ్చిన అమ్మాయి కాగితం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాలుగున్నరకి లేవడం, పాలు పిండడం, ఆరుకి నీళ్లు పట్టడం, ఏడుకి వంట, తొమ్మిదికి మూడేళ్ల బాబుని అంగన్‌వాడీలో దింపడం. ఆమెకి దొరికిన పని రొయ్యల కంపెనీలో తలలు తీసేది, పొద్దున ఆరింటికి షిఫ్టు, కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీదికి ఐదు ఇరవైకి వస్తుంది. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి. ఐదింటి నుంచి తొమ్మిది దాకా బాబు ఎవరి దగ్గరుంటాడు? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆమె కూడా అత్తగారు చూసుకుంటుందిలే అనుకుంది. అత్తగారు పొగాకు గ్రేడింగ్ సీజన్ మొదలవగానే కూలికి వెళ్లిపోయింది, పదకొండో రోజు ఈ అమ్మాయి పని మానేసింది. ఆ కాగితం ముందే రాసుంటే రెండు దారులు కనబడేవి. జనరల్ షిఫ్టు ఉన్న ప్యాకింగ్ సెక్షన్ అడగడం ఒకటి. పక్కింటి పెద్దావిడకి నెలకి ఇంత అని మాట్లాడుకుని, ఆ ఖర్చు జీతంలో ముందే తీసి పక్కన పెట్టుకోవడం ఇంకొకటి. తర్వాత మేం ఆ రెండో దారి పట్టాం, వేరే కంపెనీలో.

బస్సు గురించి కూడా ఆ కాగితం మీదే తేల్చుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొడతారు. నెలకి వెయ్యీ పదిహేను వందలు చార్జీలకే పోతాయని పని వద్దనుకున్న వాళ్లు ఇప్పుడు మళ్లీ ఆలోచించుకోవచ్చు. కానీ చార్జీ లేనంత మాత్రాన బస్సు మన టైముకి రాదు కదా. రాత్రి పదింటికి దిగే షిఫ్టయితే ఆ టైములో ఊరికి బస్సు ఉందా, మెయిన్ రోడ్డు దగ్గర దిగి ఎంత దూరం నడవాలి, దారిలో లైట్లున్నాయా అని అడగండి. చేరే ముందు రోజు, సరిగ్గా షిఫ్టు టైముకి చేరేలా ఒకసారి వెళ్లి రమ్మనండి. గేటు దాకా వెళ్లి తిరిగొస్తే చాలు. ఈ ఒక్క పనితో మొదటి రోజు టెన్షన్ సగం తగ్గుతుంది.

పేరులో ఒక్క అక్షరం

కాగితాల దగ్గర మనవాళ్లు పడే బాధ అంతా ఇంతా కాదు, ఎక్కువ భాగం ఇంటిపేరు వల్లే. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పెళ్లయ్యాక అత్తింటి పేరు చేరుతుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా చివర వేలాడుతుంది. మనకి ముగ్గురూ ఒకటే మనిషి, కంప్యూటర్‌కి ముగ్గురు. పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడో, డబ్బు తీసుకునేటప్పుడో అక్కడ ఆగిపోతుంది. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, పదో తరగతి మెమో నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు స్పెల్లింగు అక్షరం అక్షరం వేలు పెట్టి చదవండి. పుట్టిన తేదీ కూడా. తేడా ఉంటే పదో తరగతి మెమో ప్రకారం ఆధార్‌ని సరిచేయించడం నయం, ఎందుకంటే మెమో మార్పించడం చాలా తిప్పట. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే తొందరపడి ఎవరో చెప్పారని మార్పించకండి, ఏది ఖాయమో తేల్చుకుని ఒకేసారి చేయించండి. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అన్నది తప్పకుండా చూడండి. పాత సిమ్ పోగొట్టుకుని ఓటీపీ రాక రోజులకి రోజులు తిరిగిన వాళ్లున్నారు.

పదో తరగతి మధ్యలో ఆపేసిన పిల్లలకి ఒక మాట. ఏపీ ఓపెన్ స్కూల్‌లో 14 ఏళ్లు నిండిన ఎవరైనా పది రాయొచ్చు, పై వయసుకి అడ్డు లేదు. ముప్పై ఏళ్ల మనిషి కూడా పని చేసుకుంటూ చదివి రాయొచ్చు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనుల్లో సూపర్‌వైజర్ కావాలంటే అడిగేది చాలాసార్లు ఆ మెమోనే.

మొదటి జీతం దాకా ముప్పై ఏడు రోజులు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే.

కూలికి వెళ్లే మనిషికి సాయంత్రానికో శనివారానికో చేతిలో డబ్బు పడుతుంది. ఇల్లంతా ఆ లెక్క మీదే నడుస్తుంది, నూనె, కూరగాయలు, బాబు ట్యూషను, అన్నీ. కంపెనీలో జూన్ 3న చేరితే మొదటి జీతం జూలై 10న పడుతుంది. మధ్యలో 37 రోజులు. పైగా కొన్ని చోట్ల హాజరు లెక్క 25వ తేదీకే మూసేస్తారు కాబట్టి మొదటి జీతంలో ఇరవై చిల్లర రోజుల డబ్బే వస్తుంది. ఈ 37 రోజుల్లో పదిహేనో రోజుకో పద్దెనిమిదో రోజుకో ఇంట్లో డబ్బు అయిపోతుంది, మేస్త్రీ ఫోన్ చేసి "రేపు నాట్లకి వస్తావా" అంటాడు, చేతిలో డబ్బు పడే పని వైపు వెళ్లిపోతారు. దాన్ని ఓపిక లేకపోవడం అనకండి. ఆకలి అది.

చేరకముందే ఈ లెక్క వేయించండి. ఇంటికి రోజుకి కనీసం ఎంత కావాలి, ఆ 37 రోజులకి ఎంత, అందులో రేషన్ బియ్యం ఎంత తీరుస్తుంది, మిగిలింది ఎక్కడి నుంచి. డ్వాక్రా గ్రూపులో ఉంటే పొదుపులోంచి చిన్న అప్పు తీసుకోవచ్చు, దాని వడ్డీ భరించగలిగేలా ఉంటుంది. బయట పది రూపాయల వడ్డీకి తెస్తే ఐదు వేలకి నెలకి ఐదు వందలు వడ్డీకే పోతుంది, మొదటి జీతం చూసే సరికి దిగులు పట్టుకుంటుంది. సూపర్‌వైజర్‌ని లేదా కాంట్రాక్టర్‌ని రెండు వారాల తర్వాత కొంత అడ్వాన్సు ఇస్తారా అని చేరే రోజే అడగండి. చాలామంది అడిగితే ఇస్తారు, అడగడానికి మొహమాటపడి మనవాళ్లే ఆగిపోతారు. మీరు ఫోన్ చేసి వాళ్ల తరఫున అడిగినా తప్పు లేదు. వీలైతే ఆ ఇంట్లో ఇంకొకరు ఆ నెల కూలి పని వదలకుండా చూసుకోవాలి, ఇద్దరూ ఒకేసారి నెల జీతాలకి మారొద్దు.

రెండో దెబ్బ కటింగులు. పదమూడు వేలు అని చెప్పి పదకొండు చిల్లర వేశారని మోసపోయినట్టు బాధపడి మానేసిన వాళ్లని చూశాను. ముందే కాగితం మీద చూపించండి. పదమూడు వేలూ బేసిక్ అనుకుంటే పీఎఫ్ 12 శాతం, అంటే 1,560 రూపాయలు. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 98. చేతికొచ్చేది 11,342. క్యాంటీన్, బస్సు కటింగులు ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆ పోయిన డబ్బు ఎక్కడికి పోయిందో కూడా చెప్పండి. పీఎఫ్ వాళ్ల పేరు మీదే జమ అవుతుంది, కంపెనీ కూడా తన వంతు వేస్తుంది. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ కింద వాళ్లకీ, కార్డులో పేర్లు ఎక్కించిన ఇంటివాళ్లకీ వైద్యం అందుతుంది. దానికి కావలసిన 78 రోజుల చందా నిండితే, జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. మొదటి నెలలోనే ఈఎస్ఐ కార్డు ప్రింటు తీయించి భార్యాభర్త, పిల్లలు, ఆధారపడిన అమ్మానాన్నల పేర్లు ఎక్కాయో లేదో చూడండి. పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, మనిషికి ఒక్కటే ఉండాలి. ఇంకో కంపెనీకి మారితే పాత నంబరే ఇవ్వాలి. ఇంటి బీరువా తలుపు లోపల స్కెచ్ పెన్‌తో రాసి పెట్టుకోమని చెప్తుంటాను, ఫోన్లు పోతాయి కానీ బీరువా పోదు.

నియామక పత్రం, పే స్లిప్ అడిగి తీసుకోమనండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వాల్సిందే. కాంట్రాక్టర్ కింద పనయితే ఎవరి రోల్స్‌లో ఉన్నారో, పీఎఫ్ ఎవరు కడుతున్నారో ఆ పత్రంతోనే తెలుస్తుంది.

ఒంటరిగా పంపకండి

మన దగ్గర ఆడవాళ్లు కూలికి గుంపుగా వెళ్తారు. నాట్లకైనా, మిరప కోతకైనా, ఒంగోలు వైపు పొగాకు కంపెనీలకైనా పదిమంది ఒకే ఆటోలో కబుర్లు చెప్పుకుంటూ పోయి, మధ్యాహ్నం ఒకచోట కూర్చుని టిఫిన్ క్యారేజీలు విప్పుకుని, ఒకరి పచ్చడి ఒకరు వేసుకుని తింటారు. అలాంటి మనిషిని ఒక్కదాన్నే తీసుకెళ్లి చల్లటి హాల్లో గ్లౌజులు, మాస్కు, టోపీ తొడిగి ఎనిమిది గంటలు నిలబెడితే, చుట్టూ ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లుంటే, మూడో రోజుకి ఏడుపొస్తుంది. అందుకే ఒకే ఊరి నుంచి ఇద్దరిని కలిపి ఒకే షిఫ్టులో చేర్పించండి. ఇద్దరు దొరక్కపోతే, ఆ కంపెనీలో ఇప్పటికే ఏడాది నిలబడిన మనూరి మనిషి ఎవరో కనుక్కుని ఫోన్ నంబరు ఇప్పించండి.

నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్లినవాళ్లకి ఉద్యోగం రొట్టె తెలుసు. స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి ఉద్యోగం రొట్టె అడిగి తీసుకున్నవాళ్లు, కోరిక తీరితే మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. మీ ఊళ్లో నిలదొక్కుకున్నవాళ్లని అడిగేటప్పుడు ఈ మాట గుర్తు చేయండి, కాదనరు. మొదటి వారం వాష్‌రూమ్ ఎక్కడుందో, ఏ సూపర్‌వైజర్‌తో ఎలా మాట్లాడాలో, చెయ్యి మొద్దుబారితే ఏం చేయాలో చెప్పేది వాళ్లే. హెచ్ఆర్ వాళ్లు చెప్పరు.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని రాత్రి షిఫ్టుకి పంపాలంటే భర్తకీ అత్తమామలకీ సవాలక్ష అనుమానాలు. వాళ్లతో వాదించి లాభం లేదు. ఒక ఆదివారం అత్తగారిని తీసుకుని కంపెనీ గేటు దాకా వెళ్లండి, బస్సు ఎక్కడ ఆగుతుందో, లోపల ఎంతమంది ఆడవాళ్లున్నారో చూపించండి, వీలైతే లోపలున్న ఒక పెద్దావిడతో మాట్లాడించండి. "ఇంతమంది ఉన్నారా" అని ఆమె అన్న రోజు నుంచి ఆ ఇంట్లో గొడవ తగ్గుతుంది. పదిమంది కంటే తక్కువ కాకుండా పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 నుంచి చట్టం ఉంది. అందులో ఎవరున్నారో చేరిన వారంలోనే అడిగి తెలుసుకోమనండి. అవసరం పడితే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు.

నాగా పెట్టిన మరుసటి రోజు

ఒక కుర్రాడు గుర్తొస్తాడు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పనిలో చేరాడు, రెండు నెలలు చక్కగా చేశాడు. వాళ్ల తాత చనిపోతే ఊరెళ్లాడు, ఫోన్ చేసి చెప్పలేదు. పెద్దకర్మ దాకా ఉండిపోయాడు. తర్వాత ఏమంటారో, తిడతారేమో, తీసేసే ఉంటారులే అని వెళ్లనేలేదు. నాలుగు నెలల తర్వాత నా దగ్గరికొస్తే, నేనే ఆ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. ఆయనన్న మాట: "వచ్చేస్తాడని పదిహేను రోజులు చూశానమ్మా, ఒక్క ఫోన్ చేసుంటే ఏమయ్యేది." ఎవరూ తీసేయలేదు ఆ అబ్బాయిని. తనే తీసేసుకున్నాడు. ఇది నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే అప్పటిదాకా నేను ఎవరికీ ఫోన్ చేసి చెప్పడం నేర్పించలేదు.

ఇప్పుడు అందరితో ప్రాక్టీసు చేయిస్తాను. నిజంగానే. నేను సూపర్‌వైజర్‌నవుతాను, వాళ్లు ఫోన్ చెవిన పెట్టుకుని చెప్పాలి: "సార్, నేను ప్యాకింగ్ లైన్ నుంచి మాట్లాడుతున్నా. బాబుకి రాత్రి నుంచి జ్వరం, ఇవాళ రాలేను. రేపు పొద్దున షిఫ్టుకి వస్తాను." ఎవరు, ఎందుకు, మళ్లీ ఎప్పుడు. ఈ మూడూ ఉంటే చాలు, కథ అక్కర్లేదు. షిఫ్టుకి ముందే చెప్పాలి. ఫోన్ ఎత్తకపోతే వాట్సాప్‌లో వాయిస్ పెట్టాలి. చెప్పకుండా ఆగిపోయిన రోజుంటే, మరుసటి రోజు గేటు దగ్గరికి వెళ్లి "తప్పయింది సార్, చెప్పాల్సింది" అనాలి. ఆ ఒక్క మాట అనలేక పోగొట్టుకున్న ఉద్యోగాలు ఎన్నో. మొదటిసారి వాళ్లతో పాటు మీరు కూడా గేటు దాకా వెళ్లగలిగితే వెళ్లండి.

తిరణాలలు, పెళ్లిళ్లు, సంక్రాంతి ముందే తెలిసేవే కదా. చేరినప్పుడే క్యాలెండర్ మీద గుర్తు పెట్టించి నెల ముందు లీవు అడిగించండి.

తాగుడు, ఆరోగ్యం, వైకల్యం

జీతం పడిన రోజు తాగి, మరుసటి రెండు రోజులు నాగా పెట్టే మగవాళ్లకి ఉద్యోగం చూపించే ముందు ఆ మాట దాచకుండా మాట్లాడండి. సారా మీద పోరాటం పుట్టింది మన కలిగిరి మండలం దూబగుంటలోనే, రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు 1992లో మొదలుపెడితే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగుడు ఇంటి సంపాదనని ఎట్లా తింటుందో మన ఆడవాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. తిట్టి పంపిస్తే ఆ మనిషి మళ్లీ రాడు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే ఏ టైములోనైనా తెలుగులో మాట్లాడతారు, దిగులు, నిద్ర పట్టకపోవడం లాంటివాటికి కూడా అదే నంబరు. జీతం ఖాతా ఏటీఎం కార్డు కొన్నాళ్లు భార్య దగ్గరో అమ్మ దగ్గరో ఉంచడానికి అతను తనంతట తాను ఒప్పుకుంటే చాలా ఉపయోగం.

వైకల్యం ఉన్నవాళ్లకి సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు ఉన్నాయో చూడండి. 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ 2016 చట్టం ఇచ్చింది. ప్రైవేటులో పని అడిగేటప్పుడు జాలి పుట్టించేలా మాట్లాడకండి, కావలసింది సూటిగా చెప్పండి. పోలియో వచ్చిన ఒకతను లేబుల్ అంటించే పనిలో అందరికంటే వేగంగా చేసేవాడు, అతనికి కావలసిందల్లా ఎత్తయిన స్టూలు ఒకటి. అడిగాం, మరుసటి రోజే వేశారు.

డబ్బు కట్టమంటే వెనక్కి తిరగండి

రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, అవుట్‌సోర్సింగ్ పోస్టు ఖాయం అని ఎవరు ఎంత అడిగినా కట్టనివ్వకండి. పుస్తెలు కుదువ పెట్టి కట్టిన వాళ్లని చూశాను. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ. గల్ఫ్ పనయితే విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటా కాదా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసి కానీ పాస్‌పోర్టు చేతికివ్వొద్దు.

చేర్పించిన తర్వాత మీ పని

మీ ఫోన్‌లో రిమైండర్లు పెట్టుకోండి. మూడో రోజు సాయంత్రం ఒక ఫోన్: కాళ్లు నొప్పులా, అన్నం ఎక్కడ తిన్నావు, ఎవరైనా మాట్లాడారా. పద్దెనిమిదో రోజు ఇంకొకటి, ఇంట్లో డబ్బుల సంగతి అడగడానికి. జీతం పడిన రోజు పే స్లిప్ ఫొటో పంపమని చెప్పి కటింగులు కలిసి చూడండి. తర్వాత రెండో నెల, మూడో నెల ఒక్కొక్కసారి. "ఎలా ఉంది?" అంటే "బాగుందక్కా" అంటారు, అది నమ్మి ఫోన్ పెట్టేయకండి. "నిన్న ఎన్నింటికి ఇంటికొచ్చావు?" అని అడగండి. ఎనిమిదిన్నరకి రావాల్సిన మనిషి పదకొండుకి వచ్చానంటే అక్కడ ఏదో ఉంది, ఆ తెల్ల కాగితం మళ్లీ బయటికి తీసి ఇద్దరూ కలిసి కూర్చోవాలి.